ఇరవై ఏళ్ళ ఇంటి అప్పును పన్నెండేళ్ళలో తీర్చడం ఎలా

మీ ఇంటి అప్పు స్టేట్‌మెంటును మొదటి నెల నుంచి ఇప్పటివరకు బ్యాంకు నుంచి తెప్పించుకొని, భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని అందులో రెండు సంఖ్యలు వెతకండి: ఇంతవరకు కట్టిన మొత్తం ఎంత, అందులో అసలుకు జమైనది ఎంత. ఇంటి ఖర్చుల గురించి మాట్లాడుకోవడం ఆ తరువాతి పని. చాలా ఇళ్ళలో ఈఎంఐ ఎంతో అందరికీ తెలుసు గాని, అసలు ఎంత మిగిలి ఉందో ఎవరికీ తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 40 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుంటే నెలకు ఈఎంఐ సుమారు 34,713 రూపాయలు అవుతుంది. మొదటి నెల కట్టిన దానిలో 28,333 రూపాయలు వడ్డీకే పోయి, అసలుకు చేరేది 6,380 మాత్రమే. అయిదేళ్ళపాటు ఒక్క నెల కూడా తప్పకుండా కడితే మీ జేబులోంచి దాదాపు 20 లక్షల 83 వేలు వెళ్తాయి, అసలు మాత్రం 4 లక్షల 75 వేలే తగ్గుతుంది. ఈఎంఐలో అసలు భాగం వడ్డీ భాగాన్ని దాటేది పన్నెండో ఏడు ముగిసే సమయానికే. గడువు నిండేదాకా కడుతూ పోతే 40 లక్షలకు మొత్తం 83 లక్షలకు పైగా కట్టినట్లవుతుంది.

ఇదే పట్టికను తిప్పి చూస్తే మనకు కావలసిన దారి కూడా అందులోనే కనిపిస్తుంది. పై అప్పులో మొదటి ఏడాది చివర అదనంగా ఒక లక్ష కడితే చివరి ఈఎంఐలలో పదమూడుకు పైగా ఎగిరిపోతాయి, అంటే ఆ లక్ష దాదాపు 3 లక్షల 75 వేల వడ్డీని ఆపుతుంది. అదే లక్షను పదిహేనో ఏడాది చివర కడితే తగ్గేవి నాలుగు ఈఎంఐలు, ఆదా అయ్యే వడ్డీ యాభై వేల చిల్లర. కాబట్టి ఇరవై ఏళ్ళూ నోరు కట్టుకొని బతకవలసిన అవసరం లేదు. మొదటి అయిదారేళ్ళు గట్టిగా బిగించి, ఆ తరువాత నెమ్మదిగా వదులు చేసుకోవచ్చు. లోన్ తీసుకున్న కొత్తలో సోఫాలు, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ కోసం మరో అప్పు చేసి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పొదుపు మొదలుపెట్టే మన అలవాటు ఈ లెక్కకు సరిగ్గా ఎదురు దిశలో నడుస్తుంది.

నెలకు పదివేలు అదనంగా కట్టగలిగితే ఈ అప్పు పదకొండేళ్ళ పదకొండు నెలల్లో తీరిపోతుంది, వడ్డీలో సుమారు 19 లక్షల 70 వేలు మిగులుతాయి. అయిదు వేలే కుదిరితే పద్నాలుగేళ్ళ పది నెలలు పడుతుంది, అప్పుడు కూడా మిగిలేది దాదాపు 13 లక్షలు. మీ లక్ష్యాన్ని ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట పెట్టుకోండి, మొదటి నెలలోనే ఇరవై వేలకు ఎగబాకకండి.

వడ్డీ రేటు సంగతి

ఖర్చులు తగ్గించుకోవడానికి ముందు, ఏ కష్టమూ లేకుండా తగ్గేది ఏదైనా ఉందేమో చూసుకోండి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి అప్పులన్నింటినీ రెపో (బ్యాంకులకిచ్చే అప్పు మీద రిజర్వ్ బ్యాంకు తీసుకునే వడ్డీ) వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టవలసి ఉంటుంది. మీ అప్పు అంతకన్నా పాతదైతే అది ఇంకా బ్యాంకు తానే లెక్కకట్టే పాత ప్రామాణిక రేట్లయిన ఎంసీఎల్ఆర్ లేదా బేస్ రేటు మీదే నడుస్తూ ఉండవచ్చు. బ్రాంచికి వెళ్ళి, ఇప్పుడు కొత్తవాళ్ళకు ఏ రేటు ఇస్తున్నారో, మీరు దానికి మారాలంటే ఫీజు ఎంతో అడిగి, తేడాను మిగిలిన అసలుతో హెచ్చవేసి చూసుకోండి. అర శాతం తేడా అయినా 35 లక్షల మీద ఏడాదికి పదిహేడు వేలకు పైగా ఉంటుంది. ఆ ఒక్క పూట బ్యాంకులో కూర్చోవడం నెలల తరబడి కిరాణా బిల్లులో కోత పెట్టడంతో సమానం.

రేటు పెరిగినప్పుడు బ్యాంకు ఏం చేసిందో కూడా చూడాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు, చాలామంది అప్పుల్లో ఈఎంఐ కదలలేదు గాని గడువు మాత్రం సాగిపోయింది. 7 శాతానికి 40 లక్షలు తీసుకున్నవారి ఈఎంఐ 31,012 ఉంటే, రేటు 9.5 శాతానికి చేరేసరికి నెల వడ్డీయే 31,667 అయ్యింది. అంటే కట్టిన ఈఎంఐ వడ్డీకే చాలని స్థితి. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అనే ఎంపికను అప్పు తీసుకున్నవారికే ఇవ్వాలని, ఎన్ని ఈఎంఐలు మిగిలాయో తెలిపే స్టేట్‌మెంటును మూడు నెలలకొకసారి అందుబాటులో ఉంచాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. ఆ స్టేట్‌మెంటులో మిగిలిన నెలల సంఖ్య మీరు అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపిస్తే, దాన్ని పాత గడువుకు తీసుకురావడమే మీ మొదటి పని.

రేటు తగ్గినప్పుడు దీనికి తిరగబడిన అవకాశం వస్తుంది. 2025లో రెపో 6.5 నుంచి 5.25 శాతానికి దిగింది. రేటు తగ్గిందని ఈఎంఐ తగ్గించుకోకండి. పై ఉదాహరణలో రేటు మొదటి నుంచీ 7.5 శాతమే అయినా 34,713 కడుతూ ఉంటే అప్పు ఇరవై ఏళ్ళకు బదులు పదిహేడేళ్ళ చిల్లరలో తీరిపోతుంది. ఆ డబ్బు లేకుండా ఇప్పటికే బతుకుతున్నారు కాబట్టి మీకు కొత్తగా లోటు కూడా తెలియదు.

ముందు తీర్చవలసిన అప్పులు

ఇంటి అప్పు మీద అదనంగా ఒక్క రూపాయి కట్టేముందు క్రెడిట్ కార్డు బకాయి, పర్సనల్ లోన్, బంగారం మీద తెచ్చిన అప్పు, బంధువుల దగ్గర వడ్డీకి తీసుకున్న డబ్బు తీర్చివేయండి. క్రెడిట్ కార్డు బకాయికి నెలకే మూడు శాతం పైన వడ్డీ పడుతుంటే, ఏడాదికి 8.5 శాతం అప్పును ముందు తీర్చాలని తొందరపడటంలో అర్థం లేదు. మన ఊళ్ళలో చెప్పే నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని పిల్లలకు కూడా ఒకసారి చెప్పండి.

ఆ తరువాత ఈఎంఐతో సహా నాలుగు నెలల ఇంటి ఖర్చును విడిగా ఒక డిపాజిట్‌లో పెట్టండి. ఇంటి అప్పులో కట్టేసిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు. ఉద్యోగం పోయిన నెలలో, నేను గత ఏడాది రెండు లక్షలు ముందే కట్టాను అని చెప్పినా ఆ నెల ఈఎంఐ ఆగదు. కుటుంబానికంతటికీ ఆరోగ్య బీమా, సంపాదించేవారి పేరున కనీసం మిగిలిన అప్పుకు సరిపడే టర్మ్ పాలసీ (గడువులోగా మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) ఉండాలి. ఈ రెండింటి ప్రీమియంలో కోత పెట్టి దానినే పొదుపు అనుకోకండి.

ప్రావిడెంట్ ఫండ్ తీసి అప్పు కట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఒకరు ఉంటారు. 2024-25లో ఈపీఎఫ్ వడ్డీ 8.25 శాతం, అదీ చాలామందికి పన్ను లేకుండా వస్తుంది. మీ ఇంటి అప్పు రేటు దాదాపు అంతే ఉన్నప్పుడు ముసలితనం డబ్బును ఇటు మళ్ళించడం వల్ల ఒరిగేదేమీ లేదు. పన్ను మినహాయింపు కోసం అప్పును అలాగే ఉంచమనేది మరో సలహా. సొంతంగా ఉండే ఇంటి మీద ఏటా 2 లక్షల వరకు వడ్డీకి తగ్గింపు ఇచ్చేది పాత పన్ను విధానం మాత్రమే. అక్కడ కూడా 30 శాతం శ్లాబులో ఉన్నవారికి మిగిలేది సెస్సుతో కలిపి 62,400 రూపాయలు. దానికోసం బ్యాంకుకు రెండు లక్షలు కట్టడం ఏ లెక్కలో లాభమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంట్లో అందరికీ తెలియాలి

రెండు నెలలపాటు ఏమీ తగ్గించకుండా, ప్రతి ఖర్చునూ రాయండి. యూపీఐ వచ్చాక ఈ పని సగం సులువైంది, ఎందుకంటే నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటే అంతా చెబుతుంది. మిగిలిన సగం కష్టమైంది, ఎందుకంటే ఇరవై, ముప్పై రూపాయల చెల్లింపులు వందల్లో ఉంటాయి. రెండో నెల చివర పెద్దవాళ్ళను, పదేళ్ళు దాటిన పిల్లలను కూర్చోబెట్టి, ఎంత వస్తోంది, ఎంత పోతోంది, అప్పు ఎంత మిగిలింది అనేవి మూడూ చెప్పండి. ఏమీ చెప్పకుండా అడిగినదల్లా కాదంటూ పోతే పిల్లలకు అది పిసినారితనంగానే కనిపిస్తుంది, అత్తమామలకైతే తమ మందుల ఖర్చు బరువైందన్న అనుమానం వస్తుంది.

మా అత్తగారికి వంటింటి క్యాలెండరు మీద పాల లెక్క రాసే అలవాటు ఉంది. ఆ క్యాలెండరులోనే ప్రతి నెల ఒకటో తారీఖు గడిలో మిగిలిన అసలును రాయడం మొదలుపెట్టాము. ఏ యాప్ కన్నా అది ఎక్కువగా పనిచేసింది. ఒక నెల ఆ గడి ఖాళీగా ఉంటే, ఏమైందని ముందుగా అడిగింది ఆవిడే.

ఎక్కడ బిగించాలి

పెద్ద ఖర్చులతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఒకసారి నిర్ణయం తీసుకుంటే ఏళ్ళ తరబడి మిగిలేవి అవే. కారు ఉంటే దాన్ని మరో అయిదేళ్ళు నడపండి. లేకపోతే మొదటి అయిదేళ్ళు కొనకండి. ఊరికి వెళ్ళే నాలుగు రోజులకు అద్దె కారు తీసుకున్నా, ఏడాది పొడవునా కట్టే కారు ఈఎంఐ, బీమా, సర్వీసింగ్ కన్నా తక్కువే అవుతుంది. ఇండిపెండెంట్ ఇల్లైతే పై వాటానో వెనుక గదినో అద్దెకివ్వండి, ఆ అద్దెను ఇంటి ఖర్చులో కలపకుండా నేరుగా అసలుకు పంపండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. ఉద్యోగానికి వెళ్ళే మహిళ ఉన్న ఇంట్లో, బస్సు కుదిరే దారి అయితే, స్కూటీ పెట్రోలు లేదా ఆటో ఖర్చు నెలకు ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు.

స్కూలు ఫీజు విషయంలో నేను గట్టిగా ఏమీ చెప్పను. ఆ నిర్ణయం ఎవరి ఇంటిది వారిదే. అయితే ఏసీ క్లాసు గదికి, అంతర్జాతీయ అన్న మాటకు ఎంత కడుతున్నామో, చదువుకు ఎంత కడుతున్నామో విడదీసి చూడటంలో తప్పులేదు.

తరువాత వంటిల్లు. ఇక్కడ తక్కువ తినడం అనే ఆలోచన పెట్టుకోకండి, కొనే కాలాన్ని మార్చుకోండి. ఖరీఫ్ ధాన్యం మరపట్టి వచ్చే డిసెంబరు, ఫిబ్రవరి మధ్య ఏడాదికి సరిపడే బియ్యం నలుగురు కలిసి మిల్లు దగ్గరే కొంటే, నెలనెలా పాతిక కిలోల బస్తా కొనడం కన్నా చౌకగా పడుతుంది. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది కాబట్టి మూడు నాలుగు నెలలు నిలవ ఉంచి వాడుకోవాలి. సంక్రాంతి తరువాత కొత్త కందిపప్పు, శివరాత్రి నుంచి ఉగాది లోపల ఎండు మిరప, చింతపండు, పసుపు తీసుకుని ఎండబెట్టి దాచుకోవడం మన అమ్మమ్మలు చేసిన పనే. అపార్టుమెంటులో ఎండ ఎక్కడుందని అడగకండి, మేడ మీద నీళ్ళ ట్యాంకుల పక్కన బోలెడంత ఉంది. కూరగాయలు వారానికొకసారి రైతు బజారు నుంచి తెచ్చుకోండి, సంచి నిండాక ఆగండి. కుళ్ళిపోయి పారేసిన చౌక కూరగాయ ఖరీదైనదే.

వంట చేసే ఓపిక లేని సాయంత్రాలకు కూడా ముందే ఏర్పాటు ఉండాలి, ఎందుకంటే ఆర్డర్ పెట్టేది ఆకలి కన్నా ఎక్కువగా అలసటే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఆదివారం దోసెల పిండి రుబ్బుకొని, గోంగూర పచ్చడి, కందిపొడి, ఒక పులుసు చేసి పెట్టుకుంటే వారం మధ్యలో ఆ ఫోన్ తెరవనక్కరలేదు. అంతగా కుదరకపోతే అన్నం ఇంట్లో వండుకొని కర్రీ పాయింటు నుంచి ఒక కూర తెచ్చుకోండి. నలుగురికి బిర్యానీ తెప్పించడంతో పోలిస్తే ఆ ఖర్చు ఎంతో తక్కువ. ఈ ఆదివారం పని ఒక్కరి నెత్తిన పడితే మాత్రం పద్ధతి రెండు నెలలు కూడా నిలవదు. ఇంటి మగవాళ్ళు ఈ వాక్యాన్ని మరోసారి చదవాలని నా మనవి.

తెలంగాణలో ఇంటి కరెంటు వాడకం నెలకు 200 యూనిట్లు దాటితే దాటిన యూనిట్లకే కాక మొదటి 200కు కూడా ఎక్కువ రేటు పడుతుంది. అందువల్ల ఎండాకాలంలో మీటరును పదిహేనో రోజున ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక శుభకార్యాలు. మన ఇళ్ళలో బడ్జెట్లు కూలిపోయేది నెలవారీ ఖర్చుల వల్ల కాదు, మేనకోడలి ఓణీల ఫంక్షను, బావమరిది గృహప్రవేశం, మాఘమాసంలో వరుసగా వచ్చే అయిదు పెళ్ళిళ్ళ వల్ల. వీటిని ఎగ్గొట్టమని నేను చెప్పను, మనకు కూడా మనుషులు కావాలి. గత ఏడాది చదివింపులకు, బట్టలకు, ప్రయాణాలకు అయిన మొత్తాన్ని పన్నెండుతో భాగించి, ఆ సొమ్మును నెలనెలా విడిగా తీసిపెట్టండి. ఆషాఢం సేల్‌లో చీరలు కొనేది కూడా ఆ డబ్బుతోనే కావాలి. అందులో డబ్బు అయిపోతే ఆ ఏడాది చదివింపు చిన్నదవుతుంది, అంతే గాని ఈఎంఐ ఖాతా జోలికి వెళ్ళకూడదు.

కోత పెట్టకూడనివి కూడా రాసుకోండి. పిల్లల పాలు, గుడ్లు, పండ్లు, పెద్దవాళ్ళ మందులు, పనిమనిషి జీతం, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు పంపే డబ్బు ఈ లెక్కలోకి రావు.

మిగిలిన డబ్బు దారి

ఇంత చేసి చాలా కుటుంబాలు ఓడిపోయేది ఇక్కడే. ఖర్చు తగ్గుతుంది, కాని మిగిలిన డబ్బు సేవింగ్స్ ఖాతాలో పడి ఉండి, మూడో నెల కొత్త ఫోనుగా మారుతుంది. కనుక జీతం పడిన మరుసటి రోజునే, ఖర్చు మొదలవక ముందే, అనుకున్న మొత్తాన్ని అప్పు ఖాతాకు పంపండి. బ్యాంకు చిన్న మొత్తాలను పార్ట్ పేమెంటుగా తీసుకోకపోతే మరో ఖాతాలో రికరింగ్ డిపాజిట్ పెట్టి, మూడు లేదా ఆరు నెలలకొకసారి కట్టండి. బోనసు, డీఏ బకాయిలు, ఇంక్రిమెంటు వచ్చినప్పుడు అందులో సగమైనా అసలుకు వెళ్ళాలని ముందే మాట అనుకోండి. మిగతా సగం ఇంట్లోవాళ్ళు సంతోషంగా ఖర్చు పెట్టుకోనివ్వండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పు మీద ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు అయితే ఒప్పంద పత్రంలో చూసుకోవాలి.

కట్టిన ప్రతిసారీ, ఈ మొత్తాన్ని అసలుకు జమచేసి, ఈఎంఐని యథాతథంగా ఉంచి గడువును తగ్గించండి అని రాతపూర్వకంగా లేదా ఈమెయిల్‌లో తెలపండి. మేము మొదటిసారి కట్టిన యాభై వేలు అసలులోకి వెళ్ళలేదు. అడ్వాన్సు ఈఎంఐగా పక్కన పెట్టారని మూడు నెలల తరువాత స్టేట్‌మెంటు చూస్తే తెలిసింది. కౌంటరులో ఉన్నవారిని తప్పుపట్టలేము, మేము నోటితో చెప్పి వచ్చేశాము. అప్పటి నుంచి కట్టిన వారం రోజుల్లో స్టేట్‌మెంటు తీసి, అసలు అంతే మేర తగ్గిందో లేదో చూసి గాని క్యాలెండరు మీద రాయడం లేదు.

కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఇంటి అప్పు ఉంటుంది. అందులో వేసిన అదనపు డబ్బు మేరకు వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే తిరిగి తీసుకోవచ్చు. వ్యాపారం చేసేవారికి, ఆదాయం ఎగుడుదిగుడుగా ఉండేవారికి ఇది మంచిది. చేయి ఆగనివారికి మంచిది కాదు. ఇక చిట్టీ పాడి ఆ డబ్బుతో అప్పు తీరుద్దామనుకునేవారు, పాటలో తోసిన (అంటే వదులుకున్న) మొత్తమే మీరు కట్టే వడ్డీ అని గుర్తుంచుకొని లెక్క వేసుకోండి. తొలి నెలల్లో ఎక్కువకు తోసి పాడితే అది ఇంటి అప్పు వడ్డీని సులువుగా మించిపోతుంది.

ఏడాదికొకసారి, ఉగాది నాడో ఏప్రిల్ మొదటి వారంలోనో, అదనపు మొత్తాన్ని జీతం పెరిగిన మేరకు కొంత పెంచండి. అసలు సగానికి దిగాక బిగింపు సడలించి, పిల్లల పైచదువుల కోసం విడిగా దాచడం మొదలుపెట్టవచ్చు.

అప్పు మూసే రోజు

చివరి మొత్తం కట్టడానికి వారం ముందు, అప్పు మూయడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు తీసుకోండి, అందులో కట్టే తేదీ వరకు రోజువారీ వడ్డీ కలిసి ఉంటుంది. డబ్బు కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్, అప్పుడు ఇచ్చిన సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్ల అసలు ప్రతులు తీసుకుని, తనఖా పెట్టిన రోజు ఇచ్చిన జాబితాతో ఒక్కొక్క కాగితాన్నీ సరిచూసుకోండి. పూర్తిగా తీర్చిన 30 రోజుల్లో పత్రాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఈఎంఐ ఆటో డెబిట్‌ను రద్దు చేయించండి, అప్పుతో పాటు అంటగట్టిన బీమా పాలసీ ఉంటే మిగిలిన కాలానికి ప్రీమియం తిరిగి వస్తుందేమో అడగండి.

మీ తనఖా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదై ఉంటే, బ్యాంకు అధికారితో వెళ్ళి దాని విడుదలను కూడా నమోదు చేయించుకోవాలి. చాలామంది కాగితాలు చేతికొచ్చాయి కదా అని ఇది వదిలేసి, పదేళ్ళ తరువాత ఇల్లు అమ్మేటప్పుడు మూతపడిన బ్రాంచి కోసం తిరుగుతారు. పదిహేను రోజులాగి కొత్తగా ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయండి. అందులో తనఖా ఎంట్రీ కింద విడుదల ఎంట్రీ కనిపించాక ఆ ప్రతిని డాక్యుమెంట్ల సంచిలో అన్నిటికన్నా పైన పెట్టండి.